కట్టాడా, కట్టించాడా: పాత స్కాట్స్ భాషలో ‘గార్’ అనే క్రియ కథ

తాజ్‌మహల్ కట్టిందెవరు అని చిన్నప్పుడు బడిలో ఒకరినొకరు అడుక్కునేవాళ్లం. షాజహాన్ అనగానే అడిగినవాడు చప్పట్లు కొట్టి, ‘కాదు, మేస్త్రీలు, కూలీలు. షాజహాన్ కట్టించాడంతే’ అనేవాడు. ఆ చిక్కుప్రశ్న అంత బాగా పండటానికి కారణం మన భాషే. కట్టు, కట్టించు. చేసేవాడు వేరు, చేయించేవాడు వేరు అని చెప్పడానికి తెలుగుకి ఒక చిన్న ప్రత్యయం చాలు. ఇంగ్లీషులో రాజులు కోటలు ‘బిల్ట్’ అంటే సరిపోతుంది. వాళ్లు రాళ్లు మోశారని ఎవరూ అనుకోరు గానీ, వాక్యం మాత్రం ఆ తేడా చూపించదు.

ఇంగ్లీషు పుట్టిన బ్రిటన్ ద్వీపంలోనే, దానికి తోబుట్టువైన ఇంకో భాష ఈ తేడాని కచ్చితంగా చూపించేది. ఆ భాష స్కాట్స్. అందులో దీనికోసం ఉన్న క్రియ ‘గార్’. రాజు కోట కట్టించాడని చెప్పాలంటే పాత స్కాట్స్‌లో ‘గార్ట్ బిగ్’ అనేవాళ్లు. ‘గార్ట్’ అనేది గార్‌కి భూతకాల రూపం. ‘బిగ్’ అంటే ఇక్కడ పెద్ద అని కాదు, కట్టు అని. రెండూ కలిస్తే అచ్చంగా మన ‘కట్టించాడు’.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. స్కాట్స్ అంటే గేలిక్ కాదు. గేలిక్ ఐర్లండ్ భాషకి దగ్గరి చుట్టం, స్కాట్లాండ్‌లోని ఉత్తర, పడమటి కొండ ప్రాంతాల భాష. స్కాట్స్ పల్లపు ప్రాంతాలది, ఇంగ్లీషుతో పాటు ఒకే తల్లికి పుట్టినది. పాత ఇంగ్లీషు ఉత్తరపు యాస నుంచి పెరిగి, 15, 16 శతాబ్దాల నాటికి స్కాట్లాండ్ రాజ్యంలో శాసనాలకీ, కోర్టులకీ, కవిత్వానికీ, వ్యాపారపు లెక్కలకీ వాడుక భాష అయింది. 1700 వరకు ఉన్న ఆ భాషనే పండితులు ‘పాత స్కాట్స్’ అంటారు. దాని నిఘంటువు 12 సంపుటాలు. విలియం క్రేగీ మొదలుపెట్టిన ఆ పని పూర్తయ్యేసరికి 2002 వచ్చింది. ఎవరో తప్పుగా మాట్లాడిన ఇంగ్లీషుకి ఇన్ని దశాబ్దాల చాకిరీ ఎవరూ చేయరు. స్కాట్స్‌ని యాసగా కొట్టిపారేసేవాళ్లకి నేను మొదట చెప్పే మాట ఇదే.

గార్ పుట్టింది స్కాండినేవియా భాషలో. పాత నార్స్‌లో ‘గెర’ అంటే చేయు, తయారుచేయు. ఈనాటి ఐస్‌లాండ్ భాషలో అది దాదాపు అలాగే ఉంది. డేనిష్, స్వీడిష్, నార్వే భాషల్లో ‘చేయు’ అనే రోజువారీ క్రియ దీని వారసురాలే. ఇంకా వెనక్కి వెళితే ‘సిద్ధం చేయు’ అనే అర్థమున్న ధాతువు తగులుతుంది. సామాను, పరికరం అనే అర్థంలో మనం కూడా వాడే ‘గేర్’ అనే ఇంగ్లీషు మాట ఆ వేరు నుంచి మొలిచిందే. జర్మన్‌లో బాగా ఉడికిందని చెప్పడానికి వాడే ‘గార్’ కూడా ఆ కుటుంబమే. తయారైనది, సిద్ధమైనది అన్న భావం అన్నిట్లోనూ కనిపిస్తుంది.

నార్స్ మాట స్కాట్లాండ్‌కి ఎలా చేరిందన్నది చాలామంది తప్పుగా ఊహించే విషయం. ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల్లో వైకింగులు స్థిరపడ్డారు కాబట్టి అక్కడి నుంచే దిగివచ్చిందని అనుకుంటారు. ఆ దీవుల్లో నార్స్ సంతతి భాష 18వ శతాబ్దం దాకా బతికిన మాట నిజమే. కానీ పల్లపు ప్రాంతపు స్కాట్స్‌లో ఉన్న నార్స్ మాటల్లో ఎక్కువ భాగం వచ్చింది దక్షిణం నుంచి, ఉత్తర ఇంగ్లండ్ మీదుగా. 9, 10 శతాబ్దాల్లో నార్స్ మాట్లాడే డేన్లు (డెన్మార్క్ వైకింగులు) యార్క్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. వాళ్ల మాట అక్కడి ఇంగ్లీషులో కలిసిపోయింది. 12వ శతాబ్దంలో స్కాట్లాండ్ రాజు మొదటి డేవిడ్ కొత్త వర్తక పట్టణాలు పెట్టించినప్పుడు, ఉత్తర ఇంగ్లండ్ నుంచి వచ్చిన వర్తకులు, చేతిపనివాళ్లు వాటిలో కాపురం పెట్టారు. వాళ్లతో పాటే చర్చికి ‘కర్క్’, దారికి ‘గేట్’, కట్టడానికి ‘బిగ్’, చేయించడానికి ‘గార్’ వచ్చాయి. అంటే పైన చెప్పుకున్న ‘గార్ట్ బిగ్’లో రెండు మాటలూ నార్స్ సొత్తే.

తొలి రాతల్లో ఇది ‘గెర్’, ‘గెర్ట్’ అని కనిపిస్తుంది. 1375 ప్రాంతంలో ఆబర్డీన్ చర్చి అధికారి జాన్ బార్బర్, రాజు రాబర్ట్ బ్రూస్ మీద రాసిన పెద్ద కావ్యంలో ఈ రూపం మళ్లీ మళ్లీ వస్తుంది. తర్వాత ‘ర’కారం ముందున్న ఎ, ఆ-గా మారింది. ఈ మార్పు ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా జరిగిందే. ఇంగ్లీషులో ‘క్లెర్క్’ అని రాసి ‘క్లార్క్’ అని పలకడం దాని జాడే. అలా గెర్ గార్ అయింది.

ఇంతవరకూ మాట పుట్టుక, ప్రయాణం. నాకు అసలు ఆసక్తి దాని పనితీరు మీద.

ఇంగ్లీషు, స్కాట్స్, నార్స్, జర్మన్ చేరే జెర్మానిక్ కుటుంబపు భాషలకి ఒకప్పుడు మన ‘ఇంచు’ లాంటి ప్రత్యయం ఉండేది. క్రియ చివర చేర్చితే ప్రేరణార్థకం, అంటే చేయించడాన్ని చెప్పే రూపం, తయారయ్యేది. ఆ ప్రత్యయం అరిగి అరిగి మాయమైపోయింది, దాని వల్ల అచ్చులో వచ్చిన మార్పు మాత్రం మిగిలింది. ఇంగ్లీషులో ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. ‘ఫాల్’ అంటే పడటం, ‘ఫెల్’ అంటే పడగొట్టడం. ‘డ్రింక్’ తాగడమైతే, ‘డ్రెంచ్’ మొదట తాగించడం. ఇలాంటి జంటలు కొన్ని మిగిలాయి గానీ కొత్తవి పుట్టించే శక్తి పోయింది. తినుకి తినిపించు, నవ్వుకి నవ్వించు అని మనం తడుముకోకుండా అనేస్తాం. వాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. ప్రత్యయం పోయినప్పుడు భాష ఒక సహాయక క్రియని వెతుక్కుంటుంది. దక్షిణ ఇంగ్లండ్‌లో ‘డూ’, ‘లెట్’ అనే క్రియలు ఆ పనికి దిగాయి, తర్వాత ‘మేక్’, ‘కాజ్’, ‘హావ్’ వచ్చాయి. ఉత్తరాన, స్కాట్లాండ్‌లో ఆ పని గార్ చేసింది.

గార్ వాక్యం రెండు రకాలుగా నడుస్తుంది. మొదటి రకంలో ఎవరి చేత చేయించారో చెప్తారు. రెండో రకంలో ఆ మనిషి ఊసే ఉండదు. ‘గార్ట్ బిగ్’ కట్టించాడు, ‘గార్ట్ రైట్’ రాయించాడు, ‘గార్ట్ హ్యాంగ్’ ఉరి తీయించాడు, ‘గార్ట్ క్రై’ చాటించాడు. ఈ చివరిది ఆ కాలపు పాలనలో రోజువారీ పని. పట్టణం నడిబొడ్డున ‘మెర్కాట్ క్రాస్’ అనే రాతి స్తంభం ఉండేది, రాజాజ్ఞలు అక్కడే చాటింపు వేయించేవాళ్లు. చాటినవాడి పేరు ఎవరికీ అక్కర్లేదు, చాటించినవాడి అధికారమే ముఖ్యం. మన గుడిగోడల మీది శాసనాలు చదివినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. కట్టించిన ప్రభువు పేరు, వంశం, బిరుదులు అన్నీ ఉంటాయి. ఎవరి చేత కట్టించాడన్నది చాలాసార్లు ఉండదు. ‘చేత’ అనే విభక్తి ఉన్నా దాన్ని వదిలేసే వెసులుబాటు తెలుగుకి ఉంది. గార్‌కీ ఉంది.

ఇంగ్లీషు ‘మేక్’తో గార్‌ని అనువదిస్తే పోయేది ఇదే. ఇంగ్లీషులో ‘మేక్’ వాడితే ఎవరి చేత అన్నది చెప్పి తీరాలి. పైగా అందులో బలవంతం వాసన ఉంటుంది. గార్ అర్థం అంత ఇరుకు కాదు. మేస్త్రీకి కూలి ఇచ్చి కట్టించడం గార్, ఇష్టం లేనివాడి మెడలు వంచి చేయించడం గార్, ఎవరి ప్రమేయం లేకుండా ఒక దృశ్యం కన్నీళ్లు తెప్పించడమూ గార్. ఆజ్ఞ, ఒత్తిడి, ఉత్త కారణం, ఈ మూడిట్లో ఏదన్నది సందర్భం చెప్తుంది. మన ‘ఇంచు’ కూడా అంతే. దర్జీతో చొక్కా కుట్టించాను అంటే బలవంతం లేదు, వాడి చేత గుంజీలు తీయించారు అంటే ఉంది. ప్రత్యయం ఒకటే.

ఇంకో ప్రయోగం చూసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. ‘ట్రౌ’ అంటే నమ్ము. ‘గార్ ట్రౌ’ అంటే నమ్మించు. కానీ దీన్ని నిజాన్ని నమ్మించడానికి కాదు, అబద్ధాన్ని నమ్మించడానికే ఎక్కువగా వాడారు. చందమామ జున్నుముద్దతో చేశారని గార్ ట్రౌ చేస్తావా నన్ను, అనే తరహా సామెత స్కాట్స్‌లో ఉంది. తెలుగులోనూ ‘నమ్మించాడు’ అనగానే తర్వాతి మాట ‘మోసం చేశాడు’ అని చెవి ఎదురుచూస్తుంది. నమ్మకం దానంతట కలిగితే మంచిదే, ఎవరో పనిగట్టుకుని కలిగిస్తే అనుమానించాల్సిందే. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు జనాల నాలుకల మీద ఒకే అనుమానం ఒకే రకం క్రియలోకి ఎక్కింది.

ఇక ‘గార్ గ్రీట్’. స్కాట్స్‌లో ‘గ్రీట్’ అంటే పలకరించడం కాదు, ఏడవడం. ‘ఇట్ గార్జ్ మి గ్రీట్’ అంటే నాకు ఏడుపొస్తోంది, అది నన్ను ఏడిపిస్తోంది అని. ఇక్కడ మాత్రం మన మాటతో జాగ్రత్త. తెలుగులో ఏడిపించడం అంటే ఆటపట్టించడం, వేధించడం అని కూడా. గార్ గ్రీట్‌లో ఆ అల్లరి లేదు, ఉన్నది దుఃఖమే. 1579లో ఇంగ్లీషు కవి ఎడ్మండ్ స్పెన్సర్ తన గొర్రెల కాపరుల పద్యాల్లో ఏప్రిల్ నెల పద్యాన్ని సరిగ్గా ఈ మాటతోనే మొదలుపెట్టాడు: హాబినాల్, నిన్ను ఏడిపిస్తున్నది ఏమిటి అని ఒక కాపరి ఇంకో కాపరిని అడుగుతాడు. పల్లెటూరి వాసన కోసం కవి ఉత్తరాది మాట తెచ్చుకున్నాడు. ఆ పుస్తకం అచ్చయినప్పుడే వెనక టిప్పణి కూడా వేశారు, గార్ గ్రీట్ అంటే ఏడ్చేలా చేయడం అని. అంటే 1579కే లండన్ పాఠకుడికి ఈ మాట వివరించాల్సి వచ్చింది. అదే సమయంలో ఎడిన్‌బరోలో పిల్లవాడికి కూడా అది తెలిసిన మాట. రెండు భాషల మధ్య దూరం కొలవడానికి ఆ టిప్పణి కంటే మంచి సాక్ష్యం నాకు కనపడలేదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టక తప్పదు. దక్షిణాన ప్రేరణార్థకం పనికి దిగిన ‘డూ’ గతి ఏమైంది? అది అర్థం పోగొట్టుకుని ఖాళీ అయింది. ఇవాళ ఇంగ్లీషు ప్రశ్నల్లో, వ్యతిరేక వాక్యాల్లో ‘డూ’, ‘డిడ్’ ఎందుకుంటాయో ఎవరికీ తెలియదు, ఉండాలి కాబట్టి ఉంటాయి. స్వీడన్ పండితుడు అల్వార్ ఎల్లెగార్డ్ 1953లో దీనికి ఒక వివరణ ఇచ్చాడు. ‘రాజు డిడ్ బిల్డ్’ అని పాత వాక్యం ఉందనుకోండి. కట్టించాడు అని రాసినవాడి ఉద్దేశం. కట్టాడు అని చదివినా కథలో తేడా రాదు, కోట లేచింది కదా. ఇలాంటి వాక్యాలు వందలకొద్దీ పోగైతే, ‘డిడ్’ అనేది చేయించడం కాదు, ఊరికే అలంకారం అనుకునే తరం వస్తుంది. ఈ వివరణని అందరూ ఒప్పుకోలేదు గానీ, నాకు ఇది నచ్చడానికి కారణం తెలుగులోనే ఉంది.

మన ‘ఇంచు’ని చూడండి. చేయించు, నవ్వించు, కట్టించు దాకా అది ప్రేరణార్థకం. మరి ప్రేమించు? నటించు? ఆలోచించు? ఇవి ఎవరి చేతా చేయించే పనులు కావు. సంస్కృతం నుంచి మాట తెచ్చుకుని క్రియగా మార్చుకోవడానికి మాత్రమే ఇక్కడ ‘ఇంచు’ అంటించాం. ఒకే ప్రత్యయం ఒకచోట నిండుగా, ఇంకోచోట ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్నచోట నిజంగా ప్రేరణ చెప్పాల్సి వస్తే ఏం చేస్తాం? ఆలోచింపజేయు, నటింపజేయు అంటాం. ‘చేయు’ని సాయానికి పిలుస్తాం. నార్స్ ‘గెర’కి అసలు అర్థం కూడా చేయు అనే. ప్రత్యయం చేతులెత్తేసినప్పుడు ఉత్తరాది జనం ఏ క్రియని పిలిచారో, మనమూ ఆ అర్థమున్న క్రియనే పిలిచాం.

డూ ఖాళీ అయినా గార్ ఖాళీ కాలేదు. అసలు ‘చేయు’ అనే అర్థం వదిలేసి, ‘చేయించు’ అనే ఒక్క పనికే అంకితమైంది. మామూలు ‘చేయు’ కోసం స్కాట్స్‌కి ‘డే’, ‘మాక్’ అనే వేరే క్రియలు ఉన్నాయి. కాబట్టి గార్ట్ కనిపిస్తే ఎవరో ఎవరి చేతో, లేదా ఏదో దేని చేతో చేయించిందని నిశ్చింతగా అనుకోవచ్చు. పోటీ లేకపోలేదు. బార్బర్ కావ్యంలో అందరికీ తెలిసిన పాదాలు స్వేచ్ఛ మీద ఉన్నాయి. స్వేచ్ఛ మనిషికి సంతోషాన్నిస్తుందని చెప్పేచోట ఆయన వాడింది గార్ కాదు, ‘మాక్’ రూపమే. ఆ తర్వాత ఫ్రెంచి నుంచి వచ్చిన ‘కాజ్’ కూడా కోర్టు కాగితాల్లో చోటు సంపాదించింది. అయినా నోటి మాటలో గార్ కదల్లేదు.

ఒకేలా వినిపించే మాటలతో పొరపాటు పడకూడదు. పాత ఎడిన్‌బరోలో మేడ మీద నుంచి మురికినీళ్లు పారబోస్తూ ‘గార్డీలూ’ అని అరిచేవాళ్లు. అది ‘నీళ్లు, జాగ్రత్త’ అనే ఫ్రెంచి మాటల నుంచి వచ్చింది, గార్‌కి చుట్టం కాదు. వెల్లుల్లికి ఇంగ్లీషులో ఉన్న ‘గార్లిక్’లోని గార్ అంటే బల్లెం, దాని దారీ వేరు.

కవుల్లో గార్‌ని బతికించింది రాబర్ట్ బర్న్స్. 1791లో అచ్చయిన ఆయన కథాకావ్యంలో, తాగి గుర్రమెక్కి ఇంటికి పోతున్న రైతు ఒకడు పాడుబడిన అల్లోవే చర్చిలో దయ్యాల నాట్యం చూస్తాడు. అక్కడ సైతాను స్వయంగా బ్యాగ్‌పైపులు వాయిస్తుంటాడు. ‘గార్ట్ దెమ్ స్కర్ల్’ అంటాడు బర్న్స్. ‘స్కర్ల్’ అంటే చెవులు చిల్లులు పడేలా కీచుమనడం. పైపులని వాయించాడు అని అనువదిస్తే చప్పగా ఉంటుంది, కీచుమనిపించాడు అంటేనే సరి. ఆ మోతకి చర్చి కప్పు, దూలాలు అదిరాయని తర్వాతి పాదం. పైపులకి ఇష్టం లేకపోయినా వాటి చేత అరిపించినట్టు ఉంటుంది ఆ గార్ట్.

అదే బర్న్స్ 1786 నాటి ఇంకో పద్యంలో ఒక పేదతల్లి చేతిలో సూది, కత్తెర పెట్టి, ఆమె పాత బట్టల్ని దాదాపు కొత్తవాటిలా కనిపించేట్టు ‘గార్జ్’ అంటాడు. ఇక్కడ ‘ఇంచు’తో మనకి పని జరగదు, ‘కనిపించేట్టు చేస్తుంది’ అని చుట్టూ తిరగాలి. సైతాను పైపులకీ, అమ్మ అతుకులకీ ఒకే చిన్న మాట వాడగలగడం స్కాట్స్‌కి ఉన్న సౌకర్యం.

అయితే బర్న్స్ నాటికే స్కాట్స్ పరువు తగ్గింది. 1560లో చర్చి సంస్కరణ జరిగినప్పుడు జనం చేతికి వచ్చిన బైబిలు ఇంగ్లీషుది. 1603లో స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం కూడా ఎక్కి లండన్ వెళ్లిపోయాడు, ఆస్థానమూ వెళ్లిపోయింది. 1707లో పార్లమెంటులు ఒకటయ్యాయి. చదువుకున్న స్కాట్లాండ్ వాళ్లకి తమ మాటంటే సిగ్గు మొదలైంది. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1752లో, రాతలో రాకూడని స్కాట్స్ ప్రయోగాల పట్టిక వేశాడు. ఎంత గొప్ప బుద్ధిమంతుడికైనా తల్లిభాష మీద అంత భయం పట్టడం నాకు బాధగానే ఉంటుంది.

ఆ సిగ్గు లేని పెద్దమనిషి ఒకాయన అదే కాలంలో ఉన్నాడు. పేరు అలెగ్జాండర్ బాస్వెల్, లార్డ్ ఆఖిన్‌లెక్. స్కాట్లాండ్ అత్యున్నత సివిల్ కోర్టులో జడ్జి, మాట్లాడేది నిక్కమైన స్కాట్స్. ఆయన కొడుకు జేమ్స్ బాస్వెల్, లండన్ పండితుడు శామ్యూల్ జాన్సన్‌కి వీరాభిమాని. 1773 నవంబరులో జాన్సన్‌ని వెంటబెట్టుకుని తండ్రి ఇంటికి వచ్చాడు. జాన్సన్ రాచరిక పక్షపాతి, తండ్రి అందుకు పూర్తి విరుద్ధం. మాటామాటా పెరిగింది. కొడుకు ఆ గొడవని తన యాత్రాపుస్తకంలో రాయనన్నాడు, కన్నతండ్రిని నలుగురి ముందు పెట్టలేక. తర్వాత వాల్టర్ స్కాట్ దాన్ని బయటపెట్టాడు. ఆయన చెప్పిన ప్రకారం, క్రామ్‌వెల్ దేశానికి చేసిన మేలేమిటని జాన్సన్ నిలదీశాడు. 1649లో మొదటి చార్లెస్ తల తీయించిన పక్షానికి నాయకుడు క్రామ్‌వెల్. ముసలి జడ్జి జవాబు ఒక్క వాక్యం: ‘హి గార్ట్ కింగ్స్ కెన్ దట్ దే హాడ్ ఎ లిత్ ఇన్ దెయిర్ నెక్.’

‘లిత్’ అంటే కీలు. ‘కెన్’ అంటే తెలుసుకోవడం. దీన్ని ఇంగ్లీషులోకి మారిస్తే రాజులకి నేర్పాడు అనో, తెలిపాడు అనో వస్తుంది, పాఠం చెప్పినట్టు. గార్ట్‌లో ఉన్నది పాఠం కాదు, గొడ్డలి. అక్కడ ఇంకో సంగతి ఉంది. ‘కెన్’ అనే క్రియ కూడా మూలంలో ప్రేరణార్థకమే. పాత ఇంగ్లీషులో దాని అర్థం తెలియజేయు. కాలక్రమంలో ఆ ప్రేరణ ఇంకిపోయి ఉత్త ‘తెలుసు’ అయింది. అందుకే దానికి బయట నుంచి మళ్లీ గార్‌ని తగిలించాల్సి వచ్చింది.

ఈ వాక్యానికి తెలుగు కోసం నేను చాలాసేపు తడుముకోలేదు. మన ఊళ్లలో రోజూ వినే మాటే సరిపోయింది: రాజులకి కూడా మెడలో ఒక కీలు ఉంటుందని తెలిసొచ్చేలా చేశాడు.